చేపల కష్టార్జితం

“మీ ఆయనకి చెప్పు. నా ఇంట్లో ఒక్క చేప చచ్చి తేలినా, ఆ డ్రమ్ము పాతసామాన్ల బండి ఎక్కుతుంది” అంది అత్తగారు కూతురితో.

‘మీ ఆయన’ అక్కడే ఉన్నాడు. బాల్కనీలో నీలం డ్రమ్ము పక్కన చతికిలబడి పైపుకి టేపు చుడుతున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడింది లేదు. ఏ మాటైనా కూతురి మీదుగా రావలసిందే. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ అత్తగారి చూపుకి మాత్రం ఆనలేదు.

అందులో ఆవిడ తప్పేం లేదు. ఇంతకుముందు అతను మంచం కింద పుట్టగొడుగులు పెంచాడు. మంచానికి బూజు పట్టింది తప్ప పుట్టగొడుగు మొలవలేదు. ఆ తరవాత తేనెటీగలు తెచ్చాడు. అవి అత్తగారిని కుట్టి ఎగిరిపోయాయి. ఆవిడ బతుకుతెరువే కుట్టుపని, కానీ ఆ కుట్టు మాత్రం ఆవిడకి నచ్చలేదు.

ఇప్పుడు బాల్కనీ మీద పడ్డాడు. ఆవిడ కుట్టుమిషన్‌కి పగటి వెలుతురు దొరికే చోటు అదొక్కటే. మిషన్ని హాల్లోకి జరిపి, అక్కడ కింద డ్రమ్ము, పైన గులకరాళ్ళు నింపిన తొట్టి అమర్చాడు. డ్రమ్ములో చేపలుంటాయట. అవి విసర్జించింది కలిసిన నీళ్ళని మోటారు పైకి తోడుతుందట. రాళ్ళలోని మొక్కలు ఆ బలాన్ని పీల్చుకుని, తేటనీళ్ళు కిందికి వదులుతాయట. చిటికెడు మట్టి కూడా అక్కర్లేదట.

“కొత్తనీళ్ళలో చేప బతకదు. ముందు నీళ్ళు పండాలి” అన్నాడు భార్యతో.

“నీళ్ళు పండుతాయట. ఆ రాళ్ళు కూడా ఉడకబెట్టమనవే, కూర్చుని తిందాం” అంది అత్తగారు. వానలు పడేలోగా ఆకు కనబడకపోతే తన మిషన్ తన చోటికి రావాలని కూడా అంది.

అల్లుడికి బెంగ పట్టుకుంది. డ్రమ్ము పోతే పోయింది. ఈసారీ బోర్లా పడితే ఇక ఈ జన్మకి ఆవిడ తనని పలకరించదు.

మర్నాటి నుంచి అందరికంటే ముందు లేచి, మగ్గు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. డ్రమ్ము మీద నల్లగుడ్డ కప్పాడు. వెలుతురు తగిలితే నీళ్ళు పాచి పడతాయన్నాడు. అత్తగారు ఆ గుడ్డ జోలికే పోలేదు. రెప్ప వెయ్యని కళ్ళంటే ఆవిడకి చచ్చేంత భయం. చేపలమ్మే కొట్టు ముందు కూడా తల తిప్పుకుని నడిచే మనిషి.

రాళ్ళ సందుల్లోంచి పాలకూర తలెత్తింది. అంతలో అల్లుడికి జ్వరం తగిలింది. డాక్టరు ఘాటైన మాత్రలు రాశాడు. ఆ మాత్రలు మింగినన్నాళ్ళూ అతను బాల్కనీ ఛాయలకి వెళ్ళలేదు. ఆకులు పసుపురంగుకి తిరిగాయి.

“చేపలు మీ ఆయన మీద బెంగ పెట్టుకున్నట్టున్నాయే” అంది అత్తగారు. మొదటిసారి ఆ గొంతులో కాస్త తడి వినబడింది.

అతను కోలుకున్నాడు. ఆకులూ కోలుకున్నాయి. చూస్తుండగానే అరచేతులంత అయ్యాయి. ఓ ఆదివారం కూర వండారు. అత్తగారు వేలితో తాకి, నాలిక్కి రాసుకుని, ఆలోచించి, మారు వడ్డించుకుంది. అల్లుడు మాత్రం తనకి పాలకూర పడదని పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు.

ఆ తరవాత ఆవిణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు. జాకెట్లు కుట్టించుకోను వచ్చినవాళ్ళందరి చేతిలోనూ ఓ కట్ట పెట్టేది. “మా చేపల కష్టార్జితమమ్మా, తీసుకెళ్ళండి” అనేది. కట్ట పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకో కట్ట కోసం కొత్త బట్ట తెచ్చేవాళ్ళు.

“ఈ ఇంట్లో ఒళ్ళు వంచి పనిచేసేవి ఆ చేపలే. తిన్నదాన్ని ఊరికే పోనివ్వవు. వాటిని చూసి బుద్ధి తెచ్చుకోమను మీ ఆయన్ని” అంది ఓ రోజు భోజనాల దగ్గర.

అల్లుడు చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు. ఈమధ్య అతనికి దాహం ఎక్కువైంది.

“ఇంతకీ వాటికేం పెడుతున్నాడో అడగవే.”

భార్య అడిగింది.

“మనం తినేదే” అన్నాడు అల్లుడు.

ఓ ఉదయం తొలివాన పడింది. బాల్కనీలో పైపు సరిచేస్తున్న అల్లుడికి వెనక చప్పుడు వినిపించింది. గుమ్మంలో అత్తగారు. పక్కన కూతురు లేదు.

“బాబూ” అంది.

వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని అల్లుడు అటూ ఇటూ చూశాడు.

“మిషన్ హాల్లోనే ఉండనీ. లైటు కింద కుట్టుకుంటాను. నీ చెయ్యి మంచిదే, నేనే తెలుసుకోలేకపోయాను. రేపు పొద్దున ఆ గుడ్డ తియ్యి. భయమైతే భయమైంది, మన ఇంటికి ఇంత చేసిన చేపల్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి.”

అల్లుడి కళ్ళు చెమర్చాయి. ఆ ‘బాబూ’ కోసం ఎన్నేళ్ళు కాచుకున్నాడో అతనికే తెలుసు.

“అలాగే అత్తయ్యా” అన్నాడు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేసి వస్తూ మొట్టమొదటిసారిగా ఓ అరడజను చేపపిల్లల్ని కొని తెచ్చి, నల్లగుడ్డ ఎత్తి డ్రమ్ములో వదిలి, “ఇక ఈ డ్యూటీ మీది” అని వాటికి అప్పగించి, ఇన్నాళ్ళూ పొద్దున్నే బాల్కనీకి నింపుకెళ్ళిన మగ్గుని శుభ్రంగా కడిగి తిరిగి బాత్రూములో పెట్టేశాడు.