బిడ్డ గద్దె

"ఏమనుకోకు కాకా. మురికి నీళ్ల మోరీ ఇట్లనే పోవాలె. మీ బిడ్డను జర పైలంగ తీసి వేరే కాడ పెట్టుకోండ్రి. రేపు పొద్దుగాల జేసీబీ వస్తది," అన్నాడు కాలనీలో పనులు చేయిస్తున్న భానుప్రసాద్.

సిద్దిరాములు తల ఊపి, ఇంటి పక్కనున్న గద్దె దగ్గరికి నడిచాడు.

నాలుగేళ్ల కిందట ప్రాజెక్టు నీళ్లలో అతని ఊరు మునిగింది. ముంపు ఊళ్లవాళ్లకు ఇచ్చిన ఈ కాలనీకి రాగానే అతను ఇంటి పక్కన చిన్న మట్టి గద్దె కట్టాడు. రెండేళ్ల వయసులో జ్వరంతో పోయిన కూతురు భవ్యశ్రీని పాత ఊళ్లో తమ మెట్టచేను, చెలక గట్టున పాతిపెట్టారు. ఆమె ఎముకలు తవ్వి తెచ్చి ఈ గద్దెలో పెట్టానని అతను చెప్పాడు. బిడ్డను నీళ్లకు వదిలెయ్యకుండా వెంట తెచ్చుకున్న తండ్రి అని అందరూ అతన్ని మెచ్చుకున్నారు. భార్య నర్మద రోజూ పొద్దుగూకే వేళ గద్దె మీద దీపం పెడుతుంది. అప్పుడు మాత్రం సిద్దిరాములు అటు చూడడు.

ఆ సాయంత్రం దీపంతో వచ్చిన ఆమెను ఆపాడు.

"పెట్టకు నర్మదా. అండ్ల బిడ్డ లేదు."

ఆమె దీపం పట్టుకొని అతని వైపు తిరిగింది.

"బిడ్డ పోయిననాడు నేను భివండిల మగ్గాల కాడ ఉన్న. ఆఖరి చూపుకు గూడ అందలే. తర్వాత ఊరి మీదికి నీళ్లు ఇడుస్తున్నరని తెలిసి, బస్సు దిగి ఇంటికి రాకుండ సీదా చెలకకే పోయిన. నువ్వు ముందొకసారి చూపెట్టిన జాగల్నే తవ్విన. నీళ్లు గట్టు కిందికి వచ్చేదాక తవ్విన. ఏం దొరకలే. ఉత్త మన్ను మూటగట్టుకొచ్చి, బిడ్డను తెచ్చిన అని నీకు చెప్పిన."

అతను ఏడుస్తూ గద్దె పక్కన కూలబడ్డాడు.

"బతికున్నప్పుడు కాపాడలే. సచ్చినంక గూడ తెచ్చుకోలే. నాల్గేండ్ల సంది నీతోని ఉత్త మన్నుకు దీపం పెట్టిస్తున్న. నా ముఖం మీద ఉమ్మెయ్యి."

నర్మద దీపం కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. కొంగుతో అతని ముఖం తుడిచింది.

"నాకు ఎరుకే," అంది.

"ఎరుకనా? మరి దీపం ఎందుకు పెడ్తున్నవ్?"

"నీ కోసమే. గా మూట దించి, మన బిడ్డను తెచ్చిన అని నువ్వు ఎంత ఏడిస్తివి! గప్పుడన్న నీ మనసు తేలికైందనుకున్న. ఇగ నీకెట్ల చెప్పాలె?"

"ఏం చెప్పాలె?"

ఆమె తల వంచుకుంది.

"నీళ్లు వస్తయని నువ్వు రాకముందే బిడ్డను తీసి గోదావరిల కలిపొచ్చిన."