ఖాళీ పెట్టె

"అబ్బా, మెల్లగా లాగవే! జడ వేస్తున్నావా, పడవకు తాడు పేనుతున్నావా?"

రగ్నోమర్ మహారాజు మూలిగాడు. వెనక నిలబడ్డ రాణి గొండెల్ద దువ్వెనను పంటి కింద పట్టుకుని, ఆయన కుడి జడను ఇంకాస్త బిగించింది.

"కదలకండి మరి. నలుగురిలో జడ ఊడిపోతే ఎవరికి నామర్దా?"

ఆ మాటా నిజమే. ఫ్రాంకుల రాజుకు కిరీటం లేకపోయినా ఫరవాలేదు, జుట్టు ఉండి తీరాలి. అది కత్తిరించేస్తే రాజుగారు కాస్తా సన్యాసి అయిపోతాడు. అందుకే కట్టుకున్న పెళ్ళాం తప్ప ఇంకెవరూ దాన్ని తాకకూడదు. ప్రమాణం చేసేటప్పుడు కూడా రాజు ఒక చేత్తో తన జడ పట్టుకోవాలి, రెండో చెయ్యి పునీతుడి, అంటే చనిపోయిన క్రైస్తవ మహాత్ముడి, ఎముకో గోరో దాచిన పెట్టె మీద పెట్టాలి.

ఇవాళ రగ్నోమర్ చెయ్యబోయే ప్రమాణం ఒట్టి బూటకం. సంధికి వస్తున్న పక్క రాజ్యం రాజు వాడెరిక్, గొండెల్దకు స్వయానా తమ్ముడు. ప్రమాణం అయ్యాక విందు. విందు మధ్యలో రగ్నోమర్ చేతిలో గిన్నె నేల మీద పడుతుంది. ఆ చప్పుడు వినగానే ద్రాక్షసారా పీపాల వెనక నక్కిన మనుషులు లేచి బావమరిదిని నరికేస్తారు. వాడు పోతే ఆ రాజ్యమూ తనదే. పెళ్ళాం పుట్టిల్లు మొత్తం తన కొంపలోకే వచ్చేస్తుంటే ఆవిడ మాత్రం ఎందుకు ఏడవాలి అని రాజుగారి లెక్క. అయినా ఆవిడకు చెప్పలేదు. ఆడవాళ్ళకు చిన్న విషయాలకే కన్నీళ్ళొస్తాయని ఆయన అభిప్రాయం.

చిక్కల్లా పునీత బ్రిక్టన్‌తోనే వచ్చింది. ఆ పునీతుడి పన్ను ఒకటి కోట గుడిలో, వెండి పెట్టెలో ఉంది. వెనకటికి ఒక సామంతుడు ఆ పెట్టె మీద చెయ్యేసి అబద్ధమాడాడు. గడప దాటేలోపే వాడి నాలుక వాచి, ఊపిరాడక చచ్చాడు. రగ్నోమర్ కళ్ళారా చూశాడు. సొంత తమ్ముళ్ళను చంపినప్పుడు కంటి నిండా నిద్రపోయిన మనిషికి, ఆ పన్ను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే ముందు రోజే రాణిని పిలిచాడు.

"గుడి పెట్టె తాళం నీ దగ్గరేగా? అందులో పన్ను తీసి దాచెయ్. పెట్టె ఖాళీదే పంపు. ఎవరికీ చెప్పకు."

"అయ్యో, ఎందుకండీ?"

"పడవలో పోవాలి కదే. ఏట్లో పడితే? ఆయనకు ఈతొచ్చో రాదో!"

"అవునుస్మండీ. ఎక్కడ దాచమంటారు?"

"ఎక్కడో ఒకచోట. నా కంటికి కనపడకూడదు, అంతే."

గొండెల్ద బుద్ధిగా తలూపింది. ఇంత అమాయకపు పెళ్ళాం దొరకడం తన అదృష్టమని రాజు మురిసిపోయాడు.

ఓయిజ్ నది మధ్య లంకలో సంధి. ఒకరి గడ్డ మీదికి ఇంకొకరు వస్తే పరువు పోతుంది కదా, అందుకని. పడవ ముందు ఎవరు దిగాలన్న దాని మీదే పొద్దు చాలాసేపు పోయింది. చివరికి ఇద్దరూ ఒకేసారి దూకి, ఒకేసారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డారు.

బిషప్ వెండి పెట్టె పట్టుకొచ్చాడు. రగ్నోమర్ దాని మీద ఎడమ చెయ్యేశాడు. కుడి జడను గుప్పిట్లో బిగించాడు.

"పునీత బ్రిక్టన్ సాక్షిగా చెబుతున్నాను. వాడెరిక్ ఒంటి మీద నా వల్ల గాని, నా మనుషుల వల్ల గాని చిన్న గీత కూడా పడదు..."

బిషప్ చెప్పమన్నది అంతవరకే. ఖాళీ పెట్టె కదా, రాజుగారికి హుషారొచ్చింది.

"...పడితే నా నాలుక వాచిపోవాలి! కళ్ళు పేలిపోవాలి! నా వంశం నాతోనే తుడిచిపెట్టుకు పోవాలి!"

"చాలు బావా, చాలు!" వాడెరిక్ కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వింత ప్రేమ దాచుకున్నావని తెలీక, ఇన్నాళ్ళూ నీ మీద సైన్యాన్ని పోగేశాను."

గుడారంలో విందు మొదలైంది. అడవిపంది మాంసం, మిరియాల పులుసు, ద్రాక్షసారా.

"ఇన్ని పీపాలెందుకండీ? తాగేవాళ్ళు ఇంతమంది లేరే," అంది గొండెల్ద.

"మీ తమ్ముడి తాగుడు నీకు తెలీదా?"

"అక్కా, విన్నావా? బావ అప్పుడే మొదలెట్టాడు!" అంటూ వాడెరిక్ పగలబడి నవ్వి, పీపాల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కత్తి కూడా విప్పి పక్కన పెట్టేశాడు.

ఇదే అదను. రగ్నోమర్ గిన్నె పైకెత్తాడు. అంతలో నాలుక చుర్రుమంది. మిరియాల ఘాటే. అయినా ఆ సామంతుడి వాచిన నాలుక గుర్తొచ్చింది. రాణి వైపు వంగాడు.

"ఏమే, ఆ పన్ను తీసేశావుగా?" అన్నాడు గుసగుసగా.

"నిన్ననే తీశానండీ. పెట్టెలో ఏమీ లేదు."

"ఒట్టు?"

"మా తమ్ముడి మీద ఒట్టు."

హమ్మయ్య! రాజుగారి ఊపిరి కుదుటపడింది. గిన్నె చుట్టూ ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"ఇంతకీ ఎక్కడ దాచావ్?"

గొండెల్ద ఆయన భుజం మీది జడను ముద్దుగా సర్దింది.

"మీ కంటికి కనపడకూడదన్నారుగా, ఇందాక మీరు గుప్పిట్లో పట్టుకుని ప్రమాణం చేసిన ఈ జడలోనే పెట్టి అల్లేశాను, గిన్నె జాగ్రత్తండీ, చేజారేను."