సెల్లార్ మెట్లు

"ఏమయ్యా, నా సీసాలు ముట్టుకోమని నీకెవరు చెప్పారు?"

ఫిలొమేన కేకకి వీధి చివర్లో ఎవరో కిటికీ తెరిచి చూశారు.

ముసలాయన తల ఎత్తలేదు. సెల్లార్ మెట్ల మీంచి మిరపముద్ద సీసాలు రెండేసి చొప్పున తెచ్చి గడ్డిలో పెడుతున్నాడు.

ఆయన పేరు హెర్మీనియో. పక్క ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వచ్చాడు. పెరట్లోంచి సెల్లార్‌లోకి దిగే ఏటవాలు ఇనుప తలుపు తుప్పు పట్టింది. వాన పడితే చాలు, లోపలికి నీళ్ళు. దాన్ని పీకేసి కొత్తది బిగించమని కంపెనీవాళ్ళు ఆయన్ని పంపారు.

పాతది పొద్దున్నే పీకేశాడు. కొత్తది మధ్యాహ్నమైనా అట్టపెట్టెలోనే ఉంది.

పండక్కి ఇంటింటికీ తిరిగే పవిత్రాత్మ కిరీటం ఆదివారం ఫిలొమేన ఇంటికి వస్తోంది. వారం రోజులు ఇంట్లో ఉంటుంది. మొక్కడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ రొట్టె, మాంసం పులుసు పెట్టాలి. ఈ ఫాల్ రివర్‌లో మన పోర్చుగీసువాళ్ళెవరూ పై వంటింట్లో వండరు. అది చూపులకి. అసలు వంటంతా సెల్లార్‌లోనే.

వండేది ఫిలొమేన తల్లి దెయొలిందా. ఎనభై రెండేళ్ళు. పొద్దున కిందికి దిగితే మళ్ళీ సాయంత్రమే పైకి రావడం.

"తలుపు బిగించమని పిలిచాం. ఇల్లు సర్దమని కాదు!"

"ఇవి మెట్లమ్మా. అలమర కాదు."

"ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే పెడుతున్నాం. చల్లగా ఉంటుంది. ఊరంతా పెడతారు."

అది నిజమే. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, మా ఇంట్లోనూ అంతే.

"లోపలి మెట్లని ఆనుకునే పొయ్యి పెట్టారు," అన్నాడు ముసలాయన. "అది అంటుకుంటే మీ అమ్మ ఎటు పోతుంది?"

"నీ నోట మంచిమాటే రాదా? ఇంటికి కిరీటం వస్తుంటే అంటుకోవడాలేమిటి, అపశకునం!"

"పోనీలేవే, పెద్దమనిషి," అంది దెయొలిందా కిందినుంచి. "కాఫీ తాగుతాడేమో అడుగు."

"నువ్వూరుకో అమ్మా!"

హెర్మీనియో బంగాళాదుంపల బుట్ట తీశాడు. వైను జాడీ తీశాడు. మెట్లన్నీ ఖాళీ అయ్యాక లోపలికి వంగి పిలిచాడు.

"అమ్మా, ఒక్కసారి ఇటునుంచి ఎక్కి పైకి రా."

ముసలావిడ మోకాళ్ళు పట్టుకుంటూ ఏడు మెట్లూ ఎక్కింది. ఆయన చెయ్యి అందివ్వలేదు. కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకోసారి. కాస్త తొందరగా."

"మా అమ్మేమన్నా సర్కసు కోతి అనుకున్నావా?"

ఫిలొమేన విసురుగా ముందుకొచ్చింది. కాలు తగిలి ఒక సీసా పగిలింది. గడ్డి అంతా ఎర్రగా అయింది.

"ఇదిగో, నీ నిర్వాకం!"

"మళ్ళీ ఈ మెట్ల మీద ఏదీ పెట్టనని మాటివ్వండి. గంటన్నరలో బిగించి పోతాను."

"ఇవ్వకపోతే?"

"బిగించను."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ చేసింది.

"ఎవర్ని పంపారండీ మీరు? మతిపోయిన మనిషిని పంపుతారా? మబ్బు పట్టి ఉంది, ఇంటికింత బొక్క పెట్టి నాతో బేరాలాడుతున్నాడు. ఇంకోసారి ఈయన నా పెరట్లో కాలు పెడితే మర్యాదగా ఉండదు!"

పావుగంటకి హెర్మీనియో ఫోన్ మోగింది. విన్నాడు. పాత తలుపు పీకిన చోట టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. సామాను వ్యానులో పడేశాడు.

వ్యాను ఎక్కబోయి వెనక్కి తిరిగాడు. అప్పటిదాకా గొంతు పెంచని మనిషి వీధంతా వినబడేలా అరిచాడు.

"తిట్టుకో! కొట్టు, పడతాను! ఆ మెట్లు మాత్రం ఖాళీగా ఉంచు తల్లీ!"

"పోవయ్యా పో, చూశాం!"

మర్నాడు పొద్దున దారియో అనే నడివయసు మనిషి వచ్చాడు. ఈయనదీ న్యూ బెడ్‌ఫర్డే. రెండు గంటల్లో కొత్త తలుపు బిగించి, రెండు రెక్కలూ తెరిచి, మూసి చూపించాడు.

"అదీ పనంటే!" అంది ఫిలొమేన. "ఆ ముసలాడు ఇక మా వీధికి రాడుగా?"

"ఏ వీధికీ రాడండి. నిన్న సాయంత్రం పనిలోంచి తీసేశారు. ఆయన మీద ఇలాంటి ఫిర్యాదు ఇది నాలుగోదట."

"పీడా పోయింది. ఆ సీసాలు కాస్త ఇటు అందించు. పై మెట్ల మీద అవి, కింద బంగాళాదుంపలు."

దారియో వంగి ఒక సీసా తీశాడు. ఆమెకి ఇవ్వలేదు. మెట్టు మీదా పెట్టలేదు.

"నువ్వూ మొదలెట్టావా?"

"రెండేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక సెల్లార్ తగలబడిందమ్మా. పొయ్యి మీది నూనె అంటుకుంది. లోపల ఒక్క ఆడమనిషే ఉంది. బయటి తలుపు దాకా రాలేకపోయింది. మెట్ల నిండా సీసాలు, బుట్టలు. వాటి మధ్యే పడిపోయింది."

ఫిలొమేన మెట్ల కిందికి తొంగి చూసింది. సెల్లార్‌లో తల్లి ఉల్లిపాయలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"అయితే? దానికీ ఆ ముసలాయనకీ ఏమిటి సంబంధం?" అంది. గొంతులో మునుపటి జోరు లేదు.

దారియో సీసాని మెల్లగా గడ్డిలోనే పెట్టేశాడు.

"ఆవిడ హెర్మీనియో భార్యమ్మా. ఆ మెట్ల మీద సీసాలు పేర్చింది ఆయనే."