ఇరవై కార్ల మలుపు

"గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సిందేనమ్మా!" అన్నాడు కంప్యూటర్ మెకానిక్, పెట్టె మూతైనా విప్పకుండానే.

"కాదండీ, ప్రాసెసరే మార్చమన్నాడు మా తమ్ముడు," అంది పెట్టె తెచ్చిన అక్క. "సాయంత్రం ఐదింటికి వాడికి కార్ల రేసు ఆట ఉంది. పోయిన రెండు రేసుల్లోనూ మొదటి మలుపులోనే ఆట బిగుసుకుపోయింది. ఇవాళ కూడా ఓడితే జట్టులోంచి తీసేస్తారట. రెండ్రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు."

"రేసు ఆటంటే తెర మీద బొమ్మేనమ్మా! బొమ్మ సరిగ్గా లేకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే."

అక్క తమ్ముడికే ఫోన్ కలిపి మెకానిక్ చేతికిచ్చింది.

"అన్నా, ఒక్కణ్ణే తోలుకుంటే ఆట హాయిగా సాగుతుంది," అన్నాడు తమ్ముడు. "ఇరవై కార్లు ఒక్కచోట చేరితేనే ఆగుతోంది. బొమ్మ హంగులన్నీ అడుక్కి దించేశాను. అయినా అంతే. వెనక కారు పక్కకొచ్చేశాక గానీ దాని మోత వినబడటం లేదు."

మెకానిక్ మనసులోనే లెక్క వేసుకున్నాడు. బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. దాని పని తగ్గించినా ఆట ఆగుతోందంటే తప్పు దానిది కాదు. ఏ కారు ఎటు తిరిగిందో, ఏది దేన్ని గుద్దిందో లెక్కలు కట్టేది ప్రాసెసర్. ఊపిరాడనిది దానికే! పదిహేనేళ్ళుగా కొట్లో కూర్చున్న తనకు తట్టనిది, ఈ కుర్రాడు ఇంట్లో కూర్చునే తేల్చేశాడు.

"నీ బుర్రకో దండం తమ్ముడూ!" అన్నాడు మనస్ఫూర్తిగా.

చేతిలో పనులన్నీ పక్కన పడేశాడు. పెట్టెలో ఉన్న బోర్డుకే సరిపోయే గట్టి ప్రాసెసర్ బిగించి, మూడింటికల్లా పెట్టెను తనే మోసుకెళ్ళి అక్క కారులో పెట్టాడు.

ఐదింటికి కొట్లోనే ఫోన్లో రేసు ప్రసారం పెట్టుకున్నాడు. తమ్ముడిది పసుపు కారని అక్క చెప్పింది. మొదటి మలుపులో ఇరవై కార్లూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. పసుపు కారు ఆగలేదు! చివరి మలుపులో రెండు కార్ల మధ్య వెంట్రుకవాసి సందులోంచి దూరి, అందరికన్నా ముందు గీత దాటేసింది. మెకానిక్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు.

"శభాష్! ఆ సందు ఎలా కనిపెట్టావయ్యా? మా కొట్లో అన్నిటికన్నా పెద్ద మానిటర్ నీకు నా బహుమతి. ఇప్పుడే పట్టుకొస్తున్నా!"

తమ్ముడు పకపకా నవ్వాడు.

"హెడ్‌ఫోన్సు తెండన్నా, నాకు కళ్ళు కనబడవు."