అక్క కాగితం

"చెల్లెలంటే కుదరదమ్మా. భర్తయినా రావాలి, పిల్లలయినా రావాలి" అంటూ గుమాస్తా ఆమె దరఖాస్తును కిటికీ కింది సందులోంచి వెనక్కి తోసేశాడు.

"అక్క పెళ్లి చేసుకోలేదండీ."

"అయితే తల్లో, తండ్రో."

"నాకు నాలుగేళ్లప్పుడే ఇద్దరూ పోయారు. అక్కే పెంచింది నన్ను."

మరణ రికార్డుల కిటికీ ముందు ఆమె నిలబడటం అది మూడోసారి. తల్లి పేరు రాయలేదని మొదటిసారి తిప్పి పంపాడు. రెండోసారి అక్క గుర్తింపు కార్డు తెచ్చింది కానీ తనది మర్చిపోయింది. ఈసారి అన్నీ సంచీలో సర్దుకుని, ఆఫీసు తలుపులు తెరవకముందే వచ్చి నిలబడింది.

"వేరే వారసులెవరూ లేరని రాయించుకురండి, చూద్దాం. తర్వాతెవరు?"

ఆమె కదల్లేదు. వెనక నిలబడ్డ రిటైర్డు మాస్టారికి ఒళ్లు మండింది. ఆయన తన భార్య మరణ ధ్రువపత్రం కోసం వచ్చాడు.

"ఏమయ్యా, తోబుట్టువు పరాయిదైపోయిందా? దగ్గరి బంధువులు ఎవరైనా అడగొచ్చని మీ గోడ మీదే రాసుంది. అది మాకోసం రాశారా, గోడకోసం రాశారా?"

"పెద్దాయనా, మీరు లైన్లో ఉండండి."

"లైన్లోనే ఉన్నాను నాయనా. లైనే ఉన్నచోటే ఉండిపోయింది!"

వెనకున్నవాళ్లు గొల్లుమన్నారు. గుమాస్తా మూతి ముడుచుకుని దరఖాస్తు మళ్లీ లోపలికి లాక్కున్నాడు.

"ఎప్పుడు పోయారు?"

"పోయిన నెల తొమ్మిదిన."

"ఆసుపత్రిలోనా, ఇంట్లోనా?"

"ఇంట్లోనే. నిద్రలోనే పోయింది. ఎవర్నీ కష్టపెట్టలేదు." ఆమె చేతిరుమాలు కళ్లకి అద్దుకుంది.

గుమాస్తా లావుపాటి రిజిస్టరు తెరిచి, వేలు కిందికి జరుపుకుంటూ వెతికాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఉంది. మీ ఇంటివాళ్లే వచ్చి రాయించారు. వృత్తి దగ్గర కుట్టుపని అని రాసుంది. అంతేనా?"

"అంతేనండీ. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టేది. నా చదువూ, నా పెళ్లీ అన్నీ ఆ మిషను మీదే నడిచాయి. నా పెళ్లిబట్టలు కుడుతుంటే వేలికి సూది దిగబడింది. రక్తం బట్టకి అంటుతుందేమోనని వేలు నోట్లో పెట్టుకుంది కానీ, మిషను మాత్రం ఆపలేదు."

లైన్లో నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుమాస్తా రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"నన్నూ మా అక్కే చదివించిందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "చూసి రెండేళ్లయింది. పక్క ఊళ్లోనే ఉంటుంది. వీలవదు, వీలవదు అనుకుంటూనే ఉంటాను."

"వెళ్లి చూడండి" అంది ఆమె మెల్లగా.

అతను తలూపాడు. "అలా కుర్చీలో కూర్చోండి. సంతకానికి రేపు రమ్మనాలి లెక్కప్రకారం. ఎందుకులెండి, నేనే వెళ్లి పెట్టించుకొస్తాను. ఎన్ని నకళ్లు కావాలి?"

"నాలుగు."

అతను పై అంతస్తుకి వెళ్లి, పావుగంటలో రొప్పుతూ దిగాడు. నాలుగు కాగితాల మీదా సీలు వేసి, సిరా చెదరకుండా ఒక్కోదాన్నీ ఊది ఆరబెట్టి, తన సొరుగులోంచి కొత్త కవరు తీసి అందులో పెట్టాడు. కిటికీ సందులోంచి తొయ్యకుండా బయటికొచ్చి రెండు చేతులతో అందించాడు.

"ఏమనుకోకండమ్మా. మొన్న కూడా ఊరికే తిప్పాను."

"మీ పని మీరు చేశారు."

మాస్టారు ఆమె తలమీద చెయ్యి వేశాడు. "నిన్ను పెంచిన మీ అక్క పుణ్యం ఊరికే పోలేదు తల్లీ. ధైర్యంగా ఉండు."

ఆమె ఆయనకి దణ్ణం పెట్టి, కవరు సంచీలో జాగ్రత్తగా దాచుకుని, మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. కారులో భర్త పేపరు చదువుకుంటున్నాడు. ఆమె తలుపు తీసి పక్కన కూర్చోగానే పేపరు మడిచాడు.

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

కవరు విప్పి కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. పేరు, తేదీ, సీలు, సంతకం. ఎక్కడా తప్పు లేదు.

"మీ అక్క ఇల్లు మన పేరుకి మార్చడానికి ఒకటి. ఆవిడ కుట్టుషాపుకి ఒకటి. బ్యాంకుకి ఒకటి," లెక్కపెట్టాడు. "మరి ఈ నాలుగోది ఎందుకే?"

ఆమె అద్దంలో చూసుకుంటూ జుట్టు సవరించుకుంది.

"అది అక్కకే పోస్టు చెయ్యండి. ఇంటికెప్పుడు తీసుకెళ్తావే అంటూ, ఆ వృద్ధాశ్రమంలోంచి రోజూ ఫోన్ చేసి నన్ను చంపుకు తింటోంది."