అడిగిన దానికే జవాబు

“ఆగాగు! చెప్పులు బయట వదులు. జంపఖానా ఎక్కకు,” అన్నాడు వీరభద్రరావు.

గుమ్మంలో నిలబడ్డ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

మాసిన ధోవతి. మోచేతుల దాకా పసుపు. కొమ్ములు ఉడకబెట్టే కడాయి దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

“సారు రమ్మన్నడు. వచ్చిన,” అన్నాడు.

“హమ్మయ్య, దొరికాడు!” అన్నారు లోపల కూర్చున్నవాళ్లు.

అది అరవై నాలుగు మార్చి. ఆర్మూరు ధర్మశాలలో కుర్ర ఎకనామిక్స్ లెక్చరర్లకు శిక్షణ శిబిరం మొదలైన రోజు. కూలీల బతుకుల మీద పరిశోధన ఎలా చేయాలో నేర్పే శిబిరం అది. హైదరాబాదు నుంచి రావలసిన ప్రొఫెసరు గారు ఇంకా రాలేదు. ఈలోగా ఒక కూలీని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం సాధన చేద్దామని వీరభద్రరావు పూనుకున్నాడు. పసుపు బజారు నుంచి ఎవరినైనా పంపమని కావలివాడికి చెప్పి చాలాసేపైంది.

“రా, కూర్చో.”

అతను కుర్చీ వైపు నడిచాడు.

“అక్కడ కాదయ్యా మహానుభావా, కింద!”

నవ్వారు. అతను కింద కూర్చున్నాడు.

“సారూ, జర నేను చెప్పేది...”

“అడిగిన దానికే జవాబు. ఎక్కువ మాట్లాడితే పనికిరావు.”

అతను వెంటనే నోరు మూసుకున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

“పేరు?”

“భూమన్న.”

“ఊరు?”

“ముప్కాల్.”

“తండ్రి?”

“పటేలు తాన జీతగాడుగ ఉండె. ఇప్పుడు లేడు సారూ. అవ్వ, చెల్లె ఉన్నరు.”

“నువ్వేం చేస్తావ్?”

“పసుపు ఉడకబెడ్త. బస్తాలు మోస్త. నౌకరి దొరికేదాక ఏదో ఒకటి జెయ్యాలె గద.”

“ఏమిటి దొరికేదాకా?”

“నౌకరి సారూ.”

గది గొల్లుమంది.

“రాసుకో దేవిదాస్! కలెక్టరు ఉద్యోగం కోసం చూస్తున్నారట!”

దేవిదాస్‌ది నిజామాబాదే. వచ్చిన దగ్గర్నుంచీ ‘పోయిండు’ మానేసి ‘వెళ్లాడు’ అంటున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

“నవ్వకుండ్రి సారూ,” అన్నాడు భూమన్న మెల్లగా. “ఇయ్యాల మీరు తీస్కోకుంటే పొద్దుమీకి మహారాష్ట్రల సాంగ్లికి పొయ్యే లారెక్కుడే. హమాలీగ వస్తనని మేస్త్రికి చెప్పిన. పసుపు బస్తాలతోని తీస్కపోయి యాడ దింపుతడో ఆనికే ఎరుక.”

“అడిగిన దానికే!”

“మంచిది సారూ.”

“చేతులు చాపు.”

చాపాడు. వీరభద్రరావు ఆ అరచేతిని వేలితో ముట్టుకోకుండా స్కేలుతో అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించాడు.

“చూశారా ఈ కాయలు? చదువు సంగతి ఇలాంటివాళ్లను అడగక్కర్లేదు. నిరక్షరాస్యుడు అని రాసెయ్యడమే.”

భూమన్న తలెత్తాడు.

“సదువు సంగతి అడుగుండ్రి సారూ.”

“అడిగేది మేమా, నువ్వా?”

మళ్లీ తల దించుకున్నాడు.

“బరువులు మోస్తానన్నావుగా. ఆ పుస్తకాల పెట్టె ఎత్తు. దించమనేదాకా దించకు. కూలివాడు ఎలా రొప్పుతాడో అందరూ గమనించండి.”

ఎత్తాడు. మెడనరాలు ఉబ్బాయి. కణతల మీంచి చెమట పసుపు చారలుగా కారింది. ఒకరు దగ్గరికి వచ్చి అతని ఛాతీ వైపు వంగి చూశారు. ఒకరు టీ తాగుతూ చూశారు.

“చాలు. దించి వెళ్లు.”

భూమన్న పెట్టె దించాడు. దాని మీద పడ్డ తన పసుపు చేతి గుర్తులను తువ్వాలతో తుడిచాడు. వెళ్లలేదు.

“పెద్దసారు...”

“ఇక్కడ మేమే పెద్దసార్లం.”

“అయితే నాకు కాలేదా సారూ?”

“కాలేదు. పో.”

ఇంకా నిలబడే ఉన్నాడు. దేవిదాస్‌కు చిరాకెత్తి సొంత మాట బయటికొచ్చింది.

“పో రాదురా! జంపఖానకు పసుపంటుతది!”

భూమన్న చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

దారిలో బస్సు చెడిపోయి ప్రొఫెసరు గారు మర్నాడు వచ్చారు. రాగానే అందరి ముఖాలూ కలయజూశారు.

“భూమన్న ఏడి?”

వీరభద్రరావు ఉత్సాహంగా లేచాడు.

“ఆ కూలివాడా సార్? మీరు పంపించారా! నిన్ననే ఇంటర్వ్యూ చేశాం సార్. చాలా బాగా వచ్చింది. రాత్రే సాంగ్లి లారీ ఎక్కేశాడని కావలివాడు చెప్పాడు.”

ప్రొఫెసరు గారు సంచీ కింద పెట్టి కుర్చీలో మెల్లగా కూర్చున్నారు.

“కూలివాడు కాదయ్యా,” అన్నారు, “మా దగ్గర ఎం.ఏ. ఫస్టు క్లాసులో ప్యాసైన పిల్లవాడు. ముందుగా వెళ్లి మీ పక్కన కూర్చోమన్నాను, లెక్చరర్ ఉద్యోగం ఖాయమైందని వచ్చి నేనే చెబుదామని.”