కండక్టర్ మూలుగు

"ష్... వచ్చేస్తోంది, వినవే!" అన్నాడు సంగీత విమర్శకుడు, గోడకు చెవి ఆనించి.

గోడ అవతల, పక్క ఫ్లాట్‌లో, పాత రికార్డు మీద వయొలిన్లు మెల్లమెల్లగా పైకి లేచాయి. వాటి అడుగున ఒక మూలుగు, సన్నగా, సాగదీసినట్టు.

"అదిగో! కండక్టర్ మూలుగు."

"టికెట్లు కొట్టేవాడికి అంత కష్టమేమొచ్చిందో," అంది భార్య బట్టలు మడతపెడుతూ.

"నీ మొహం! వాద్యబృందాన్ని చేతిలో పుల్లతో నడిపించే మనిషి ఈ కండక్టర్. సంగీతంలో మునిగిపోయి తనకు తెలియకుండానే మూలిగేస్తున్నాడు. ఇలాంటి మహానుభావుణ్ణి లోకం గాలికి వదిలేసింది."

భార్యకు ఆ మహానుభావుడి గొడవ పట్టలేదు. ఆమె బెంగంతా పక్కింటి పెద్దాయన మీద. ఆ రికార్డులన్నీ ఆయనవే. మెట్ల మీద ఎదురుపడితే చాలు, "ఏమ్మా, బాగున్నావా?" అని ఆగి పలకరించేవాడు. దంతవైద్యుడైన ఆయన తమ్ముడు వచ్చి చేరినప్పటినుంచీ మనిషి కంటికి కనబడలేదు. ఊరెళ్ళాడంటాడు తమ్ముడు.

"చేతికర్ర వాళ్ళ తలుపు వెనకాలే ఉందండీ, నా కళ్ళతో చూశాను. కర్ర లేకుండా ఆయన గుమ్మం దాటగలడా? నా మనసు కీడు శంకిస్తోంది. ఒక్కసారి గట్టిగా అడగండి."

"అంత మంచి సంగీతం వినేవాడు అబద్ధమెందుకు ఆడతాడే?"

అయినా పోరు పడలేక వెళ్ళాడు. దంతవైద్యుడు తలుపు జానెడే తీశాడు. అన్నగారి సంగతి అడగబోయిన విమర్శకుడి నోట రికార్డుల సంగతే వచ్చింది.

"ఆ మూలుగు ఉంది చూశారూ, డాక్టరుగారూ..."

దంతవైద్యుడి మొహం పాలిపోయింది. "ఏ మూలుగు?"

"కండక్టర్‌దేనండీ! మీరు పెట్టే ప్రతి రికార్డులోనూ వింటున్నాను."

దంతవైద్యుడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఏం చెవులండీ మీవి! అవును, ఆయనకదో అలవాటు."

రికార్డు కవరు కూడా తెచ్చి చూపించాడు. తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది. ఆ సాయంత్రం నుంచి సంగీతం ఇంకాస్త గట్టిగా మోగసాగింది.

విమర్శకుడు ఆ మూలుగు మీద పత్రికలో పేజీ నిండా వ్యాసం రాశాడు. పాఠకులు ఆహా అన్నారు. ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఆ కవరులో చూసిన రికార్డే ఒకటి సంపాదించాడు.

"గోడ చాటునుంచి కాదు, ఇప్పుడు దగ్గరగా విందువుగాని," అని భార్యను కూర్చోబెట్టి సూది ఆనించాడు.

మొదటివైపు అయిపోయింది. మూలుగు లేదు.

"రెండోవైపు ఉంటుందిలే," అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు.

రెండోవైపు నడుస్తుండగా దంతవైద్యుడు ఇంటికొచ్చిన తలుపు చప్పుడైంది. రోజూ వచ్చీ రాగానే రికార్డు పెట్టే మనిషి ఇవాళ పెట్టలేదు. ఇక్కడ మోగుతోంది కదా, అక్కడెందుకులే అనుకున్నాడేమో.

వయొలిన్లు లేచాయి. దిగాయి. రికార్డు ఆఖరికి వచ్చింది. భార్య ఆయన మొహంలోకే చూస్తోంది.

ఆయన సూది పైకెత్తి, రికార్డు తీసి, కవర్లోకి దూరుస్తుండగా, కండక్టర్ మూలిగాడు.